పసుపు పాట కింద డీప్ హౌస్

శ్రుతి కలవని రెండు పాటలు ఒకదాని మీద ఒకటి పడితే నాకు పళ్లు జివ్వుమంటాయి. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమన్నప్పుడు అయ్యే బాధే అది. ఈ సంగతి మా ఆయనతో మొదటిసారి చెప్పింది ఏడేళ్ల కిందట, ఒక నిశ్చితార్థం భోజనాల దగ్గర.

మా ఆయనది సౌండ్ సర్వీసు. భిలాయిలో పెళ్లిళ్లకి, పుట్టినరోజులకి స్పీకర్లూ లైట్లూ పెడతారు. వైశాలి నగర్‌లో రోడ్డు మీదకి దుకాణం, దాని వెనకే ఇల్లు. మా మామగారు భిలాయి స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఉన్నన్నాళ్లూ కుటుంబం సెక్టర్ 4 క్వార్టర్లో ఉండేది. ఆయన పోయాక అత్తగారు మాతోనే ఉంటున్నారు. నేను విజయనగరంలో వయొలిన్ డిప్లొమా చేసి, ఇరవై మూడో ఏట పెళ్లి చేసుకుని, వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేసి, భిలాయి పక్కనున్న దుర్గ్ స్టేషన్లో దిగాను. ఆ తర్వాత ఆ పెట్టె ఏడాదికోసారి, దసరాకి తెలుగువాళ్ల పందిట్లో మాత్రమే తెరుచుకునేది.

ఆ నిశ్చితార్థానికి మా ఆయన రాయ్‌పూర్ నుంచి ఒక డీజేని అద్దెకి పిలిచారు. అతను ఒక పాట దిగకుండానే రెండోది ఎక్కించేవాడు. జనం గెంతుతూనే ఉన్నారు. నేను పూరీ ముక్క చేతిలో పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"ఏటే, పన్ను నొప్పా?" అని మా ఆయన అడిగారు.

"ఆ పాట నుంచి ఈ పాటకి వచ్చినప్పుడు మీకేటీ అనిపించలేదా?"

"ఏటనిపించాలి?"

"శ్రుతి కలవలేదండీ. అర శ్రుతి తేడా ఉంది రెండింటికీ. రెండూ కలిసి మోగినంతసేపూ నాకు పళ్లు జివ్వుమన్నాయి."

ఆయన నవ్వారు. "డాన్సుకి శ్రుతెందుకే? బేస్ గట్టిగా కొడితే చాలు. పెళ్లికొచ్చినోళ్లు కచేరీకొచ్చేరా?"

ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే అలా అనుకున్నారు. అందుకే నేను అలగకుండా, రుజువు చేసి చూపించాలనుకున్నాను.

మర్నాడు పొద్దున దుకాణంలో రెండు స్పీకర్లు పెట్టించాను. అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. ఆవిడ చదువుకోలేదు, సంగీతం నేర్చుకోలేదు. ఆవిడకి ఏమీ చెప్పకుండా, ముందు రాత్రి విన్న ఆ రెండు పాటల్నీ అలాగే కలిపి వినిపించాను. తర్వాత, మొదటి పాటకి శ్రుతి కలిసే వేరే పాటని రాత్రే వెతికి పెట్టుకున్నాను, దాన్ని కలిపి వినిపించాను.

"అత్తయ్యా, రెండింటికీ తేడా ఏటైనా తెలిసిందా?"

ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు: "మొదటిదాంట్లో ఇద్దరు దెబ్బలాడుకుంతన్నారు. రెండోదాంట్లో ఇద్దరూ ఒక్కింటోలే. దీనికి నన్నడగాలేటి? కుక్కనడిగినా చెప్తాది."

మా ఆయన స్పీకర్ వైరు చుడుతూ ఆగిపోయారు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. మూడోసారి కూడా పెట్టమన్నారు. ఆ సాయంత్రం నాకు డీజేలు పాటలు కలిపే కంట్రోలర్ మీద ఏ మీట దేనికో ఒక్కొక్కటే చూపించారు.

అలా మొదలైంది. మధ్యాహ్నాలు ఆయన సరుకు దింపడానికి వెళ్తే నేను దుకాణంలో కూర్చుని నేర్చుకునేదాన్ని. ఇంటర్నెట్‌లో చూస్తే, శ్రుతి చూసి పాటలు కలపడం డీజేల లోకంలో ఎప్పటి నుంచో ఉన్న విద్యేనని తెలిసింది. దానికి వాళ్లు గడియారం లాంటి ఒక చక్రం వాడతారు. పన్నెండు అంకెలు, ఒక్కో అంకెకి రెండేసి గదులు, మేజర్ పాటలకి ఒకటి, మైనర్ పాటలకి ఒకటి. ప్రతి పాటనీ దాని శ్రుతిని బట్టి ఒక గదిలో పెడతారు. ఒక గది నుంచి పక్క గదిలోకి వెళ్తే చెవికి హాయిగా ఉంటుంది, దూరం గెంతితే గుచ్చుకుంటుంది.

ఈ చక్రాన్ని మొదటిసారి చూసినప్పుడు బెంబేలెత్తాను. తర్వాత పక్కన కాగితం పెట్టుకుని మన లెక్కలో రాసుకున్నాను. అప్పుడు నాకే నవ్వొచ్చింది. ఒక పాటకి షడ్జమం ఎక్కడుందో చూసుకుంటే, దాని మధ్యమం ఒక పక్క గది, దాని పంచమం రెండో పక్క గది. అంతే. స, మ, ప. మా మాస్టారు మధ్యమ శ్రుతి పెట్టి వయొలిన్ వాయించమన్నప్పుడల్లా నేను చేసిన పని ఇదే. పదేళ్లు నేర్చుకుని పక్కన పెట్టేశాననుకున్న విద్య, ఇంకో పేరుతో నా ముందు కూర్చుని ఉంది.

కంప్యూటర్ ప్రతి పాటకీ దాని గది అంకె తనే చెబుతుంది. కానీ తప్పు చెబుతూ ఉంటుంది. అందుకని కొత్త పాట ఏది వచ్చినా వయొలిన్ తీసి తీగ మీద సరిచూసుకుని, ఒక పుస్తకంలో శ్రుతి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. పక్కన మొబైల్ రిపేరు దుకాణం ఛత్తీస్‌గఢీ భయ్యా, "భాభీ, శాదీ గానా ఔర్ వయొలిన్?" అని, పెళ్లి పాటకి వయొలినేమిటని ఆశ్చర్యపోయేవాడు.

రాయ్‌పూర్ డీజేకి అక్కడే ఒక హోటల్లో నెల జీతం మీద పని దొరికింది. అప్పుడు నేను వెళ్తానన్నాను. మొదటి ఫంక్షన్ ఒక పాపాయి మొదటి పుట్టినరోజు, ఆదివారం మధ్యాహ్నం. చీర కొంగు పిన్నులతో బిగించి, గాజులు మీటలకి తగలకుండా రబ్బరు బ్యాండు వేసుకుని బల్ల వెనక నిలబడ్డాను. ప్రతి పాటకీ శ్రుతి కలిసింది. ఒక్కటి కూడా గుచ్చుకోలేదు. అయినా పాట మారిన ప్రతిసారీ ఆడుతున్నవాళ్ల కాళ్లు ఆగిపోయేవి. ఎందుకో అర్థం కాలేదు. 

ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఆయనే అన్నారు. "శ్రుతి కలిసింది. నాకు కూడా తెలిసింది. గాని నువ్వు పాటని మాట మధ్యలో కట్ చేసీసేవే. ఆడేవోళ్లు అక్కడ ఇంకో నాలుగు దెబ్బలుంటాయని కాలెత్తుకునుంటారు. నువ్వా కాలు కింద నేల లాగీసేవు."

ఇరవై ఏళ్లు జనం కాళ్లు చూస్తూ స్పీకర్ల పక్కన నిలబడ్డ మనిషి ఆయన. ఆ మాట విన్నాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆ రోజు నుంచి లెక్క పెట్టడం మొదలుపెట్టాను. ఈ పాటలు ముప్పైరెండు దెబ్బలకి ఒక మలుపు తిరుగుతాయి. అంటే ఆది తాళం నాలుగు ఆవర్తనాలు. తొడ మీద వేళ్లతో తాళం వేసుకుంటూ, నాలుగో ఆవర్తనం పూర్తయ్యాకే కొత్త పాట ఎత్తేదాన్ని. మూడో ఫంక్షన్‌కి కాళ్లు ఆగడం మానేశాయి. రెండేళ్లు తిరిగేసరికి టెంట్ హౌస్‌ల వాళ్లు నన్ను డీజే భాభీ, అంటే డీజే వదిన, అనడం మొదలుపెట్టారు. ఎగతాళిగానే మొదలుపెట్టి ఉంటారు. తర్వాత ఫోన్లలో కూడా ఆ పేరుతోనే నా నంబరు దాచుకున్నారని తెలిసి ఊరుకున్నాను.

నేను చెప్పాలనుకున్నది కిందటి శీతాకాలం జరిగిన సంగతి.

నెహ్రూ నగర్‌లో ఒక కాంట్రాక్టరు గారి ఇల్లు. వాళ్లు బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాళ్లు. కాంట్రాక్టరు గారి తల్లి, అంటే ఆ ఇంటి నానమ్మగారూ, మా అత్తగారూ సెక్టర్ 4లో పక్కపక్క క్వార్టర్లలో పాతికేళ్లు కాపురం చేశారు. ఆవిడ మనవరాలి పెళ్లి. పెళ్లికూతురు పుణేలో ఉద్యోగం చేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి తెలుగు కన్నా హిందీ బాగా వస్తుంది. పసుపు వేడుక, అదే ఇక్కడ హల్దీ అంటారు, దానికి ఏం పెట్టాలో మాట్లాడటానికి దుకాణానికి వచ్చి నా చేతిలో తన ఫోన్ పెట్టింది.

"ఆంటీ, ఈ రీమిక్స్ వినండి. నాకు జాన్, ప్రాణం. హల్దీలో ఇదే కావాలి."

విన్నాను. ఒక పాత హిందీ పాటని ఎవరో డీప్ హౌస్‌గా మార్చారు. డీప్ హౌస్ అరిచే సంగీతం కాదు. నిమిషానికి నూట ఇరవై దెబ్బల దగ్గర నిలకడగా నడుస్తుంది. కింద మెత్తటి బేస్, పైన మబ్బు పట్టినట్టు కీబోర్డు. దాని మధ్యలోంచి ఆ పాత గొంతు అప్పుడప్పుడు వచ్చి పోతూ ఉంటుంది. రీమిక్స్ చేసినవాళ్లెవరో గానీ చెవి ఉన్న మనిషి.

"బాగుందమ్మా. తప్పకుండా పెడతాను."

"అది కాదు ఆంటీ. దీని తర్వాత మా నానమ్మా, ఆమె సహేలీలూ పసుపు పాట పాడతారు. ప్రతి పెళ్లిలో ఏమౌతుందంటే, డీజే మ్యూజిక్ బంద్ చేస్తాడు, అందరూ ఫోన్లు చూసుకుంటారు, పాపం వాళ్లు పాడతారు, ఎవరూ వినరు. నాకు మధ్యలో గ్యాప్ వద్దు. నానమ్మ పాట కూడా దీంట్లోంచే రావాలి. హో సక్తా హై క్యా? కుదురుతుందా?"

మా ఆయన నా వైపు చూశారు. ఆయన కళ్లలో 'కుదరదని చెప్పేయ్' అని ఉంది. నేను ఒక్కరోజు టైమిమ్మన్నాను.

లెక్క ఇదీ. ఆ రీమిక్స్ చక్రంలో మైనర్ వరసలో ఎనిమిదో గదిలో ఉంది. మన లెక్కలో ఆరు శ్రుతి. మరి నానమ్మగారు ఏ శ్రుతిలో పాడతారు? అది తెలియాలంటే వెళ్లి వినాలి. మర్నాడు నెహ్రూ నగర్ వెళ్లాను. ఆవిడ డాబా మీద ఎండలో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నారు.

"పాడమంతే ఇప్పుడేటి పాడతాను తల్లీ? గొంతే లేదు. ఆ రోజు పదిమందీ ఉంతే అదే వచ్చీస్తాది" అన్నారు.

నేను బలవంతపెట్టలేదు. పక్కన కూర్చుని నేను కూడా కొమ్ములు ఏరాను. మా అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి, వాళ్ల పాత క్వార్టర్ల గురించి మాట్లాడాం. పావుగంట తర్వాత ఆవిడ తనకి తెలియకుండానే కూనిరాగం తీశారు. అదే పసుపు పాట. మధ్యమావతి ఛాయలో ఉంది. రాగం పేరు ఆవిడకి తెలియదు, తెలియనవసరమూ లేదు. ఐదు శ్రుతిలో నిలబడింది ఆ గొంతు. చక్రంలో అదే వరసలో అది ఆరో గది.

ఎనిమిది నుంచి ఆరుకి ఒక్కసారి గెంతకూడదు. మధ్యలో ఏడు ఉండాలి. ఎనిమిదికి ఏడు మధ్యమం, ఏడుకి ఆరు మధ్యమం. రెండు మెట్లు. కాబట్టి రీమిక్స్ తర్వాత ఏడో గదిలో ఉండే, మాటలు లేని ఒక డీప్ హౌస్ వాద్యం, దాని తర్వాత ఆరో గదిలో ఉండే ఇంకొకటి కావాలి. ఆ రెండోదాంట్లో కీబోర్డు తక్కువగా ఉండాలి, ఆవిడ గొంతుకి అడ్డు రాకూడదు. రెండు రోజులు వెతికితే దొరికాయి. వయొలిన్ మీద పాటెత్తుకుని ఇంట్లో నాలుగుసార్లు కలిపి చూశాను. మా అత్తగారు విని "బాగున్నాది గాని, ఆవిడ నీ వయొలినేటి కాదు, మనిషి. చూసుకో" అన్నారు.

పసుపు వేడుక రోజు పొద్దున పదిన్నర. వాళ్ల పెరట్లో బంతిపూల దండలు, పలచటి చలికాలపు ఎండ. పెళ్లికూతురు పసుపు చీరలో చెక్క పీట దగ్గర, చుట్టూ పుణే నుంచి వచ్చిన స్నేహితులు, అబ్బాయి తరఫు హిందీవాళ్లు, ప్లాంటు రోజుల నాటి తెలుగు కుటుంబాలు. మా అత్తగారు కూడా పెద్దవాళ్లలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా ఆయన ఎడమ స్పీకర్ పక్కన నిలబడ్డారు. నేను గోడ వారగా బల్ల వెనక.

రీమిక్స్ మొదలుపెట్టాను. పెళ్లికూతురు రెండు చేతులూ పైకెత్తి ఒక్క కేక వేసింది. ఆ పాత గొంతు వచ్చినప్పుడు పెద్దవాళ్లు కూడా తలలు ఊపారు, వాళ్ల వయసు పాట కదా. నేను హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని ఏడో గది వాద్యం సిద్ధం చేసుకున్నాను. నాలుగు ఆవర్తనాలు లెక్కపెట్టాను. పదహారు దెబ్బల్లో మొదటిదాని బేస్ తగ్గిస్తూ రెండోదాని బేస్ ఎక్కించాను. ఎంత శ్రుతి కలిసినా రెండు బేస్‌లు ఒకేసారి ఉంటే అంతా బురదగా వినిపిస్తుంది. ఆ పాత గాయని గొంతు చివరి మాట దగ్గర సాగి నిలబడింది. ఆమె షడ్జమం కొత్త వాద్యానికి పంచమమై కూర్చుంది. పాట మారిందని ఒక్క కాలు కూడా అనుకోలేదు. ఈ పని గురించి నేను ఎవరికైనా గొప్పలు చెప్పుకోవాలంటే ఆ పదహారు దెబ్బల గురించి చెబుతాను.

తర్వాత మూడో వాద్యం. దాంట్లో ముందు డ్రమ్ములు మాత్రమే వదిలాను. డ్రమ్ములకి శ్రుతి లేదు కాబట్టి ఎవరికీ అడ్డు రాదు. ఏడో గది వాద్యం మెల్లగా దిగిపోయింది. ఇప్పుడు పెరట్లో డ్రమ్ములు తప్ప ఏమీ లేవు. నానమ్మగారి చేతికి మైకు ఇచ్చారు. ఐదుగురు ఆడవాళ్లు ఆవిడ వెనక నిలబడ్డారు. నలభై ఫోన్లు పైకి లేచాయి.

ఆవిడ ఎత్తలేదు. మైకు వైపు చూశారు, ఫోన్ల వైపు చూశారు. "ఎత్తండే" అని వెనక వాళ్లని అన్నారు. వాళ్లు "నువ్వే ఎత్తు" అన్నారు. నేను డ్రమ్ముల్లో ఒకే ముక్కని పట్టి, మళ్లీ మళ్లీ మోగేలా తిప్పుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు తిప్పానో లెక్కపోయింది.  ఇంకాసేపు ఆలస్యమైతే ఫోన్లన్నీ దిగిపోతాయి.

అప్పుడు కుర్చీలోంచి మా అత్తగారి గొంతు వినబడింది. "ఎత్తు వదినా! ఎక్కడెత్తినా పర్లేదు. మా కోడలుంది, పట్టుకుంతాది!"

అంతమందిలో ఆవిడ ఆ మాట అన్నారు. చెవులు వేడెక్కాయి నాకు.

నానమ్మగారు ఎత్తారు. ఎత్తగానే నాకు తెలిసిపోయింది. ఐదు కాదు. నాలుగున్నర. డాబా మీద ఎండలో తీసిన గొంతు కన్నా అర శ్రుతి కింద. భయానికో, చలికో, మైకు చూసో, ఏదైతేనేం, దిగింది. నా దగ్గర సిద్ధంగా ఉన్న వాద్యం ఐదులో ఉంది. అలాగే వదిలితే ఏడేళ్ల కిందట నా పళ్లు జివ్వుమనిపించిన ఆ అర శ్రుతి తేడానే ఇప్పుడు నా చేతులతో ఆవిడ నెత్తిన పెట్టినట్టు.

కంట్రోలర్ మీద పాట వేగం మారకుండా శ్రుతి మాత్రం దించే మీట ఒకటి ఉంటుంది. అర శ్రుతి దించాను. అయినా తొందరపడలేదు. ఒక చెవిలో హెడ్‌ఫోన్, రెండో చెవిలో నానమ్మగారు. పల్లవి చివర ఆవిడ షడ్జమం మీద నిలబడ్డారు. నా చెవిలో బేస్ కూడా అక్కడే నిలబడింది. సరిగ్గా అక్కడే. ఆవిడ రెండోసారి పల్లవి అందుకునేటప్పుడు బేస్ వదిలాను, నాలుగు దెబ్బల తర్వాత కీబోర్డు.

ఆవిడ ఒక్క క్షణం కళ్లు పెద్దవి చేశారు. తర్వాత గొంతు విప్పారు. వెనక ఐదుగురూ అందుకున్నారు. చప్పట్లు డ్రమ్ములతో కలిశాయి. పుణే పిల్లలకి ఒక్క మాట అర్థం కాదు, అయినా కదలడం మానలేదు. పెళ్లికూతురు పీట మీద కూర్చుని ఏడుస్తోంది, నవ్వుతోంది, ఆమె చెంపలకి పసుపు రాస్తున్నారు.

నేను తల ఎత్తి చూశాను. ఎడమ స్పీకర్ పక్క నుంచి మా ఆయన నన్నే చూస్తున్నారు. చూపుడు వేలు ఎత్తి సగానికి మడిచి చూపించారు. అర. ఆయనకి తెలిసింది! శ్రుతి ఎందుకన్న మనిషికి, అర శ్రుతి దిగిందని, నేను దించానని తెలిసింది. నాకు అక్కడికక్కడ నవ్వు ఆగలేదు.

అంతటితో అవలేదు. మూడో చరణానికి అందరికీ హుషారు ఎక్కింది. పదిమంది గొంతులు కలిసినప్పుడు హుషారుతో పాటు శ్రుతి కూడా ఎక్కుతుంది. కొంచెం కొంచెంగా పైకి పోతున్నారు. నేను కీబోర్డూ బేసూ మెల్లగా తీసేసి వాళ్లని డ్రమ్ములతో వదిలేశాను. ఆ చరణం పూర్తయ్యేసరికి చక్కగా ఐదు దగ్గరికి చేరుకున్నారు. మీట మళ్లీ మామూలుకి తెచ్చి, పల్లవికి బేస్ ఇచ్చాను. ఈసారి మా ఆయన వేలు నిటారుగా లేచింది.

ఎవరికీ తెలియకుండా జరగడమే ఈ పనిలో నేర్పు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఒక్కరికైనా తెలిసిందంటే ఎంత బాగుంటుందో ఆ రోజు తెలిసింది.

పాట అయ్యాక ఐదు శ్రుతి మీదే, అంటే ఆరో గదిలోనే, వాద్యాన్ని నడిపించి, ఏడో గది మీదుగా మళ్లీ ఎనిమిదికి తీసుకెళ్లాను. పెళ్లికూతురి రీమిక్స్ తిరిగి వచ్చేసరికి పెరడంతా లేచి ఆడింది. పెద్దావిడలు కూడా కుర్చీల్లోంచి లేచారు. మా అత్తగారు మోకాళ్ల నొప్పి మర్చిపోయి రెండు చుట్లు తిరిగి, మళ్లీ గుర్తొచ్చి కూర్చున్నారు.

నానమ్మగారు చేతికి పసుపుతోనే నా బల్ల దగ్గరికి వచ్చారు. ల్యాప్‌టాప్ వైపు అనుమానంగా చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మీ, ఎన్ని పెళ్లిళ్లకి పాడేనో లెక్క లేదు. ఎవులికీ మా గొంతు గావాల్సి రాలేదు. అయితే మిషను ఆపీసేవోరు, నేకపోతే మామేటి పాడతన్నామో మాకే వినబడకుండా కొట్టీసేవోరు. ఈరోజు నాకు ఎవులో కింద పీటేసి కూకోబెట్టినట్టున్నాది. నానెక్కడెత్తుతానో నీకెలగ తెలిసింది?"

"ముందు తెలీలేదు నానమ్మగారూ. మీరెత్తేకే తెలిసింది."

"ఎత్తేక తెలిసినా అందుకున్నావు కదా" అని నా గడ్డం పట్టుకుని ఊపారు. గడ్డానికి పసుపు అంటింది. తుడుచుకోలేదు.

పెళ్లికూతురు పరుగెత్తుకుంటూ వచ్చి కౌగిలించుకుంది. దాంతో చీరకి, హెడ్‌ఫోన్‌కి, వాల్యూమ్ మీటలకి కూడా పసుపే. "ఆంటీ, యూ ఆర్ మ్యాడ్!" అంది. అది మెప్పేనని ఆమె స్నేహితురాలు నాకు అర్థం చెప్పింది. పుణే నుంచి వచ్చిన ఒక అబ్బాయి, తను కూడా సరదాకి డీజే చేస్తాడట, స్క్రీన్ చూసి హిందీలో "దీదీ, కీ షిఫ్ట్, అదే శ్రుతి మార్పు, లైవ్‌లో ఎలా పట్టారు? యాప్ ఏది?" అని అడిగాడు. చెవి చూపించాను. అతనికి నమ్మకం కుదరలేదు. మా ఆయన మధ్యలో వచ్చి, "భాయ్, ఇది సా, మా, పా కా మామ్లా హై" అని, అంతా స, మ, ప వ్యవహారమేనని మొదలుపెట్టి, ఎక్కడ మధ్యమం ఎక్కడ పంచమం అన్నది అంతా తారుమారుగా చెప్పారు. నేను సరిదిద్దలేదు. అంత గర్వంగా చెబుతున్న మనిషిని ఎలా ఆపుతాను?

సామాన్లు సర్దుతుంటే భోజనాలకి పిలిచారు. సౌండ్ వాళ్లకి మామూలుగా చివర్లో, వంటల దగ్గరే ప్లేట్లు ఇస్తారు. అలవాటైన విషయమే, నాకెప్పుడూ బాధ లేదు. ఆ రోజు మాత్రం నానమ్మగారు నన్ను లాక్కెళ్లి పాడిన ఆడవాళ్ల వరసలో, మా అత్తగారి పక్కన కూర్చోబెట్టారు. పులిహోర ఆవిడే వడ్డించారు.

ఎదురుగా కూర్చున్న ఒకావిడ, అమ్మాయి తరఫు చుట్టమట, రాయ్‌పూర్ నుంచి వచ్చారు. నా వంక చూసి అడిగారు: "మీరేం చేస్తారమ్మా?"

ఈ ప్రశ్నకి నేను ఎప్పుడూ, మా ఆయనకి సౌండ్ సర్వీసు ఉంది, నేను సాయం చేస్తాను అని చెప్పేదాన్ని.

"డీజేని" అన్నాను.

మా అత్తగారు నోట్లో ముద్దతోనే తల ఊపారు. రాయ్‌పూర్ ఆవిడ ఇంకొంచెం ముందుకి వంగి, వాళ్ల చిన్నమ్మాయి సీమంతం ఉందనీ, పగలే చేస్తున్నామనీ, వాళ్లింట్లో కూడా పెద్దవాళ్లు పాడతారనీ చెప్పి, "ఎప్పుడు ఖాళీ?" అని అడిగారు.

మా ఆయన దూరంగా వ్యాన్ దగ్గర వైర్లు చుడుతున్నారు. ఎడమ చేత్తో నా ఫోన్ తీసి, క్యాలెండర్ తెరిచి, నేనే చూశాను. నేను ముందు అడిగింది మాత్రం, వాళ్లింట్లో పాట ఎత్తేది ఎవరు, ఆవిడ ఇంట్లో ఎప్పుడు దొరుకుతారు అని.